లింగంపల్లి రైల్వే స్టేషన్: ఒకే పట్టాలపై రెండు సేవలు

హైదరాబాదు పశ్చిమ శివారులోని లింగంపల్లి స్టేషన్, నిజాం కాలంలో 1874లో ప్రారంభమైన వాడి–సికింద్రాబాదు బ్రాడ్‌గేజి మార్గంపై ఉంది. సంస్థాన రాజధానిని బొంబాయి–మద్రాసు మార్గంతో కలపడమే ఆ రైలుదారి ఉద్దేశం; నగరవాసుల నిత్య ప్రయాణం నాటి లెక్కలోనిది కాదు. స్టేషన్ నేటి ఇబ్బందికి మూలం ఇక్కడే ఉంది.

రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, హైదరాబాదు విశ్వవిద్యాలయం (1974), సైబర్ టవర్స్ (1998) వరుసగా వెలిసి నగరాన్ని పడమరకు లాగాయి. దక్షిణ మధ్య రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. ప్రారంభించినప్పుడు, సికింద్రాబాదు, నాంపల్లి వైపు నుంచి వచ్చే లోకల్ రైళ్లకు లింగంపల్లే చివరి స్టేషన్ అయింది.

అయితే ఇది లోకల్ స్టేషన్‌గా మాత్రమే మిగలలేదు. కాకినాడ వెళ్లే గౌతమి, తిరుపతి వెళ్లే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడి నుంచే బయలుదేరసాగాయి. పశ్చిమ శివార్లలో స్థిరపడిన కోస్తా, రాయలసీమ కుటుంబాలకు సికింద్రాబాదు దాకా వెళ్లే శ్రమ తప్పింది. సంక్రాంతి ముందురోజుల్లో ప్లాట్‌ఫారంపై పెట్టెలు, సంచులు చూసినవారికి ఇది శివారు స్టేషన్ అని తోచదు.

ఈ సౌకర్యానికి మూల్యం చెల్లించేది నిత్య ప్రయాణికుడే. ముంబయిలో చాలాచోట్ల లోకల్ రైళ్లకు ప్రత్యేక పట్టాలున్నాయి. ఇక్కడ ఎక్స్‌ప్రెస్, గూడ్సు, లోకల్ అన్నీ ఒకే జంట పట్టాలను పంచుకుంటాయి. దూరప్రయాణపు బండి ఆలస్యమైతే దాని వెనుక లోకల్ సిగ్నల్ వద్ద నిలుస్తుంది. అందువల్ల బోగీలు పెంచినంత సులువుగా రైళ్ల సంఖ్య పెంచడం కుదరదు. ప్రత్యేక మార్గమున్న మెట్రో 2017లో మియాపూర్ వరకే వచ్చి ఆగింది.