బారెట్ తుపాకి జన్మవృత్తాంతము

1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సుదేశపు సోమ్ రణక్షేత్రమున బ్రిటిషువారి టాంకులు తొలిసారిగా కదలివచ్చినపుడు, ముండ్లతీగెలనుగాని మరతుపాకుల గుండ్లనుగాని లెక్కసేయక సాగివచ్చు ఆ యినుపశకటములను నిలువరింపవలసిన యావశ్యకతనుండి, మనుష్యునిగాక యంత్రమునే లక్ష్యముగాగొన్న తుపాకి యొకటి జర్మనీలో పుట్టెను. ఒబెర్న్‌డార్ఫ్ పట్టణపు మౌజర్ కర్మాగారము 1918లో నిర్మించిన ఆ యాయుధము, 13.2 మిల్లీమీటర్ల నాళముతో, 169 సెంటీమీటర్ల నిడివితో, సుమారు 16 కిలోగ్రాముల బరువుతో, సామాన్యసైనికుని తుపాకినే పెంచి చేసినట్లుండెను. టాంకు కవచమును అది భేదింపగలిగెను. కాని పేల్చువాని భుజమును కాపాడు సాధనమేదియు దానియందు లేకపోవుటచే, దాని వెనుకదెబ్బకు సైనికులు జంకిరి. ఈ జాతి తుపాకుల చరిత్రమందు ప్రధానసమస్య, నా యభిప్రాయమున, ఈ వెనుకదెబ్బయే.

గుండు ముందుకు ఎంత ద్రవ్యవేగముతో పోవునో అంత ద్రవ్యవేగము తుపాకికి వెనుకకు సంక్రమించునని న్యూటను మూడవసూత్రము చెప్పుచున్నది. సామాన్య సైనికతుపాకి గుండు బరువు సుమారు 10 గ్రాములు, అమెరికావారి 12.7 మిల్లీమీటర్ల గుండు ఇంచుమించు 45 గ్రాములు తూగుచు, సెకనుకు 850 మీటర్ల వేగముతో నాళమును వెడలును. వెనువెంటనే తుపాకిమూతినుండి ఎగజిమ్ము వాయువులును ఆ దెబ్బను హెచ్చించును. ద్రవ్యవేగమును మాయము చేయు ఉపాయము ప్రకృతిలో లేదు. అయినను, వడిగా వచ్చు బంతిని పట్టువాడు చేతులను వెనుకకు తీసికొనునట్లు, దెబ్బ తగులు కాలమును పొడిగించినచో దాని తీవ్రత తగ్గును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారు బాయిస్ తుపాకిని, రష్యనులు 1941లో డెగ్త్యార్యోవ్, సీమొనోవ్ రచించిన 14.5 మిల్లీమీటర్ల తుపాకులను వాడిరి. కాని టాంకుల కవచము నానాటికి దట్టమగుటచే అవి వెనుకబడెను. ఇంతలో అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రచించిన మరతుపాకికై పుట్టిన 12.7 మిల్లీమీటర్ల తూటా మాత్రము నిలిచి, దూరలక్ష్యమునందలి తన నిలకడను చాటుకొనెను. 1967లో వియత్నాము యుద్ధమున కార్లోస్ హాత్‌కాక్ అను అమెరికా సైనికుడు ఆ మరతుపాకికి దుర్భిణి నమర్చి 2,286 మీటర్ల దూరమున కొట్టిన గురి, 2002 వరకు ఎవ్వరును దాటలేని హద్దుగా నుండెను. కాని ఆ మరతుపాకి, ముక్కాలిపీట లేకయే, 38 కిలోగ్రాముల బరువు. ఒక్క మనుష్యుడు మోసికొనిపోవునది కాదు.

ఈ తూటాకు తగిన, భుజమున నానించి పేల్చదగిన తుపాకిని నిర్మింపబూనినవాడు రానీ బారెట్ అను ఛాయాచిత్రకారుడు. టెనెసీ రాష్ట్రమందలి మర్ఫ్రీస్‌బరో అతని యూరు. 1982 ప్రారంభమున, బ్రౌనింగ్ తుపాకులను తాల్చిన నదీగస్తీనౌక నొకదానిని చిత్రించుచుండగా అతనికి ఈ యాలోచన తట్టెను. ఇంజనీరింగు విద్య నభ్యసింపని యీ మనుష్యుడు తన యింటి భోజనపుబల్లపై పటములు గీసికొని వర్క్‌షాపుల చుట్టు తిరుగగా, ఇది సాధ్యమే యైనచో నీకంటె తెలివిగలవా రెవ్వరో ఇదివరకే చేసియుందురని వారు త్రోసిపుచ్చిరి. ఒక యంత్రకారుడు మాత్రము తోడ్పడెను. కొలది మాసములలోనే తొలినమూనా సిద్ధమయ్యెను. ఇట్టి పట్టుదలను నేను మనసార మెచ్చుకొందును.

అతని యుపాయము రెండు విధముల పనిచేయును. తుపాకి పేలినంతనే నాళమును బోల్టును కలిసియే కొంచెము వెనుకకు జరుగును. పిదప బోల్టు తిరిగి విడివడి, ఒంటరిగా వెనుకకు పోయి, ఖాళీతూటాను విసరివైచి, స్ప్రింగు త్రోయగా క్రొత్తతూటాతో ముందునకు వచ్చును. ఈ కదలికయంతయు దెబ్బకాలమును పొడిగించును. మూతియందలి బాణాగ్రమువంటి అమరిక వాయువులను ప్రక్కలకును వెనుకకును మళ్లించి, తుపాకిని ముందుకు లాగును. అయితే మళ్లిన వాయువులు దుమ్మురేపి, పేల్చినవాని చోటును బయటపెట్టును. నాళము కదలుటచే గురియందు కొంత నిశితత్వము తగ్గును. ఈ రెండు లోపములను ఎరిగియే అతడు ఈ మార్గమును ఎన్నుకొనుట, నిర్మాతగా అతని వివేకమునకు నిదర్శనము.

1989లో స్వీడను సైన్యము నూరు తుపాకులను కొనెను. మరుసటియేడు కువైటు సంక్షోభమున అమెరికా మెరీనులు వానిని చేపట్టిరి. నిలిచియున్న విమానములు, రాడారులు, వాహనములు దీనికి లక్ష్యములు. పేలని బాంబులను దూరమునుండియే నిర్వీర్యము చేయుటకును దీనిని వాడుచున్నారు. ప్రాణములను కాపాడు ఈ వినియోగమే నాకు మిక్కిలి ప్రీతికరము. కాని యంత్రములకై పుట్టిన ఈ తుపాకి, 1990 దశకమున ఉత్తర ఐర్లండులో సైనికులను, పోలీసులను బలిగొన్నదనుటయు మరువరాని సత్యము.

మన దేశమున ఈ జాతి తుపాకిని తిరుచిరాపల్లి ఆయుధకర్మాగారము 'విధ్వంసక్' అను పేర నిర్మించినది. దీనికి 20, 14.5, 12.7 మిల్లీమీటర్ల నాళములను మార్చుకొనవచ్చును. వీనిలో నడిమిది 1941లో రష్యనులు టాంకులపై ప్రయోగించిన తూటాకే చెందినది.