రాచపుండు – శోథము: చికిత్సా ఫలితములు

ముల్లు గ్రుచ్చుకొనిన తావు ఎఱ్ఱబారి, వేడెక్కి, వాచి, సలుపుట అందఱెఱిగినదే. ఈ స్థితిని వైద్యశాస్త్రమున శోథమందురు. రక్తమునందలి తెల్లకణములు అచ్చటికి చేరి, క్రిములతో పోరి, చెడిన కండను తొలగించి గాయమును మాన్పును. పని ముగిసినపిదప శోథము చల్లారవలయును. చల్లారక యేండ్లతరబడి నిలిచినచో, కాపాడవలసినదే కీడు చేయును. రాచపుండునకు, అనగా క్యాన్సరునకు, దీనితో గల సంబంధ మట్టిది.

1863లో జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో కంతులలో తెల్లకణములుండుట గమనించి, చిరకాలము రాపిడికి గుఱియైన చోట కంతి పుట్టునని తలంచెను. 1986లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ డ్వోరాక్ కంతిని మానక నిలిచిన గాయముతో పోల్చెను. ఎడతెగని శోథమున కణములు మాటిమాటికి విభజన చెందును. తెల్లకణములు విడుచు తీక్ష్ణపదార్థములు వాని జన్యుద్రవ్యమును చెఱచును. ఇట్టి మార్పులు ప్రోగైనపుడు కణము అదుపు తప్పును.

దీనికి తెలుగువారిలోనే ఒక నిదర్శనము కలదు. విశాఖపట్టణము, శ్రీకాకుళము తీరప్రాంతములలోను, ఒడిశాయందలి గంజాము ప్రాంతమునను, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట నిప్పుకొనను నోటిలోనుంచి పీల్చు అడ్డపొగ అలవాటు తరతరములుగా వచ్చినది. ఇతరత్ర అరుదైన అంగిటి క్యాన్సరు ఈ అలవాటుగలవారిలో హెచ్చుగా కానవచ్చినది. పొగాకు విషమునకు నిప్పుసెగయు తోడై అంగిలిని నిత్యము గాయపఱచుచుండును.

క్యాన్సరు పుట్టినపిదపను శోథము విడువదు. కంతినుండి వెలువడు ఇంటర్‌ల్యూకిన్-6 అను పదార్థము కాలేయమును ప్రేరేపింపగా, సి-రియాక్టివ్ ప్రొటీను రక్తమున పెరుగును, ఆల్బుమిను తగ్గును. ఆకలి నశించి కండ కరగును. రోగి మందుల తీవ్రతను తాళలేకపోవును. గ్లాస్గో నగరపు వైద్యులు ఈ రెండింటిని బట్టి ఒక కొలత నేర్పఱచిరి. మొదటిది లీటరునకు 10 మిల్లీగ్రాములు మించినచో 1. దానితోపాటు ఆల్బుమిను 35 గ్రాములకు తగ్గినచో 2. మొదటిది మించనిచో 0. ఊపిరితిత్తులు, పెద్దప్రేగు మున్నగు పలు క్యాన్సర్లలో, ఈ అంకె హెచ్చినవారి ఆయుర్దాయము సగటున తక్కువయని తేలినది. సామాన్య జ్వరమునందును ఈ ప్రొటీను పెరుగును గనుక, దీనినిబట్టి క్యాన్సరు కలదని నిర్ణయింపరాదు.

అట్లైన, శోథమును అణచినంతనే రోగము తగ్గునా? గుండెపోటు వచ్చిన 10,061 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు 2017లో వెలువడినవి. శోథము నణచు కనకినుమాబ్ అను మందు హెచ్చు మోతాదున పొందినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు తగ్గినవి; కాని ప్రాణాంతకమగు అంటురోగములు పెరిగినవి. 2021, 2022 సంవత్సరములలో వెల్లడియైన పరీక్షలలో, క్యాన్సరు ఏర్పడినవారికి అదే మందు ఆశించిన మేలు చేయలేదు. పుట్టుకను అరికట్టుట వేఱు, పుట్టినదానిని కుదుర్చుట వేఱు.

ఆస్పిరిన్ విషయమునను ఇదే వివేకము వలయును. వంశపారంపర్యముగా లించ్ లక్షణము గలవారిలో అది పెద్దప్రేగు క్యాన్సరును తగ్గించినది. ఆరోగ్యవంతులగు వృద్ధులలో జరిగి 2018లో ప్రకటింపబడిన పరీక్షలో మాత్రము క్యాన్సరు మరణములు హెచ్చుగా కనబడినవి. కావున నొప్పిమాత్రలను వైద్యుని యనుమతిలేక వాడరాదు.

పొగాకు మానుట, మూడు వారములైనను మానని నోటిపుండును, నోటిలోని తెల్లమచ్చను జాగుచేయక వైద్యునకు చూపుట, చికిత్సాకాలమున రోగికి బలకరమగు ఆహార మందించుట — ఇవి ప్రతి కుటుంబమునకును సాధ్యములు. మన యిండ్ల పెద్దలకు ఈ మాట తెలుపుటయే మొదటి చికిత్స.