విల్లు పాతదైనా ములికి పదునుండాలి

చేతికొచ్చిన పంటను అడవి జంతువులు మేసిపోతే ఆ కడుపుకోత ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మన మెట్ట చేలకు అడవిపందులు ఎలాగో, అమెరికా రైతుకు తెల్లతోక దుప్పులు అలాగ. మొక్కజొన్న, సోయా చిక్కుడు లేత దశ నుంచే కొరికేస్తాయి. అక్కడ ఇల్లు కట్టుకుని పెరట్లో చిక్కుడు పాదు వేసుకున్న మనవాళ్లను అడగండి, కథలు కథలుగా చెబుతారు. 1900 నాటికి విచ్చలవిడి వేటతో బాగా తగ్గిపోయిన ఈ దుప్పులు ఇప్పుడు సుమారు 3 కోట్లు ఉంటాయని అంచనా.

మంద పెరిగిపోకుండా అక్కడి రాష్ట్రాలు ఏటా కోతల కాలంలో లైసెన్సు మీద వేటకు అనుమతిస్తాయి. రైతు సరేనంటే వేటగాళ్లు చేలగట్ల మీద మాటు వేస్తారు. వీరిలో కొందరు తుపాకీ గానీ, పుల్లీల విల్లు గానీ ముట్టరు. కర్రతో చేసిన పాతకాలపు విల్లే వాడతారు. మన దగ్గర మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా దుప్పినైనా, పందినైనా వేటాడితే జైలే. కనుక ఈ కబురు తెలుసుకోవడానికే సుమండీ, ప్రయోగానికి కాదు.

తుపాకీ గుండు దెబ్బతో పడగొడుతుంది. బాణం అలా కాదు, కోయాలి. గుండె, ఊపిరితిత్తుల మీదుగా పదునైన ములికి దూసుకుపోతే దుప్పి కాస్త దూరం పరుగెత్తి, నిమిషం తిరక్కుండానే పడిపోతుంది. మొద్దు ములికి రక్తనాళాన్ని కోయకుండా పక్కకు నెట్టేస్తుంది. గాయపడిన జంతువు ఏ పొదలోనో పడి నరకయాతన పడుతుంది. మాంసం ఎవరికీ దక్కదు. రైతు కూడా ఆ వేటగాణ్ణి మళ్లీ చేలో అడుగుపెట్టనివ్వడు. అందుకే విల్లు కొనేటప్పటి కంటే ములికి ఎంచుకునేటప్పుడే ఎక్కువ ఆలోచించాలి.

పాతకాలపు విల్లు బలం తక్కువ. దుప్పి వేటకు 40 నుంచి 55 పౌన్ల లాగుడు ఉన్నది వాడతారు. ఇంత బలానికి రెండు రెక్కల ములికి మేలు. సన్నగా ఉంటుంది కనుక లోతుగా దిగుతుంది. వెడల్పుకు మూడింతల పొడవుండాలని పేరుమోసిన విలుకాడు హోవార్డ్ హిల్ చెప్పేవాడు. 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో బాణాలు వేసింది ఈయనే. మూడు రెక్కల దానికీ ఒక సుఖం ఉంది: రాయి మీద బోర్లా పెట్టి రుద్దితే ఒకేసారి రెండు అంచులు పదునెక్కుతాయి. తగలగానే రెక్కలు విచ్చుకునే రకాల జోలికి మాత్రం పోకూడదు. ఆ విచ్చుకోవడానికే బాణం సత్తువ కొంత పోతుంది. ఉలిలా ఒకవైపే సాన పట్టినవీ ఉన్నాయి. ఇవి తిరుగుతూ దిగుతాయి, అయితే ఈకల మెలిక ఏ వైపుంటే సాన కూడా ఆ వైపుకే సరిపోవాలి.

బరువును గ్రెయిన్లలో చెబుతారు. మన కంసాలి గురివింద గింజలా, వాళ్లది బార్లీ గింజ నుంచి వచ్చిన లెక్క. 125 గ్రెయిన్లంటే 8 గ్రాములు. 45 పౌన్ల విల్లుకు ములికి, ఈకలతో కలిపి మొత్తం బాణం 450 గ్రెయిన్లుంటే బాగుంటుంది. అంటే దాదాపు రెండున్నర తులాలు. ముందు భాగం కాస్త బరువుగా ఉంటే బాణం నిలకడగా పోతుంది. వెడల్పు 7/8 అంగుళానికి తగ్గరాదని కొన్ని రాష్ట్రాల్లో నిబంధన ఉంది. గాలపు కొక్కెంలా వెనక్కి తిరిగిన ముళ్లుంటే చాలాచోట్ల నిషేధం.

కర్ర బాణానికి ములికిని కరిగే జిగురుతో అతికిస్తారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అతికించాక బాణాన్ని ములికి మొన మీద నిలబెట్టి బొంగరంలా తిప్పి చూడాలి. వణికిందా, వంకర ఉన్నట్టే. వేడి చేసి సరిచేసుకోవాల్సిందే. లేకుంటే గాలిలో పక్కకు లాగేస్తుంది.

ఇక పదును. పెట్టెలోంచి తీసినదంతా పదునుగా ఉందనుకుంటే పొరపాటే. ఆకురాయితో పట్టి, సానరాయి మీద నూరి, చివరకు తోలు మీద రుద్దాలి. లాగి పట్టిన రబ్బరు బ్యాండు మీద ఆనిస్తే చాలు, తెగాలి. కొడవలి కక్కు పెట్టించడంలో చెయ్యి తిరిగిన మనవాళ్లకు ఇదేమంత వింత కాదు. 1911లో కాలిఫోర్నియా అడవుల నుంచి బయటికొచ్చిన ఇషి అనే ఆదివాసీ పగిలిన సీసా పెంకులను చెక్కి ములికులు చేసేవాడు. సాక్స్టన్ పోప్ అనే డాక్టరు ఆయన దగ్గరే విలువిద్య నేర్చుకుని, 1923లో పుస్తకం రాశాడు. నేటి విల్లు వేటగాళ్లకు ఆ డాక్టరే గురువు.

ఇంత పదునున్నది మనిషికీ ప్రమాదమే. మొన కప్పి ఉండే అమ్ములపొదిలోనే పెట్టాలి. వేట కాలం ముగియగానే వాజలీన్ రాసి దాచకపోతే తుప్పు పట్టి, మరుసటేడు మళ్లీ ఆకురాయి దగ్గర్నుంచి మొదలెట్టాలి.