దిమాసాల ఇంటి మద్యానికి గుర్తింపు సరే, అమ్మకం సంగతేమిటి?

అస్సాంలోని దిమా హసావ్ కొండల్లో దిమాసా తెగవారి ఇంట పెండ్లి అయినా, చావు అయినా 'జుదిమా' లేనిదే కార్యం నిండినట్లు కాదు. జిగురు బియ్యంతో ఆడవారు ఇంట్లోనే పులియబెట్టే ఈ పానీయానికి 2021లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈశాన్య రాష్ట్రాల సంప్రదాయ పానీయాల్లో ఈ గౌరవం పొందిన మొదటిది ఇదే.

జుదిమా మన సారా వలె బట్టీ పెట్టి కాచేది కాదు. బీరు కోవకు చెందినది. అయితే బార్లీ బీరుకూ దీనికీ ఒక తేడా ఉంది. మొలకెత్తిన బార్లీ తనలోని పిండిని తానే చక్కెరగా మార్చుకోగలదు. ఉడికిన అన్నానికి ఆ శక్తి లేదు. ఆ లోటును 'హుమావో' అనే బిళ్ల తీరుస్తుంది. నానిన బియ్యాన్ని 'తెంబ్రా' అనే అడవి తీగ బెరడుతో కలిపి దంచి, బిళ్లలుగా చేసి ఆరబెడతారు. పాలకు తోడు ఎటువంటిదో అన్నానికి ఈ బిళ్ల అటువంటిది. అందులోని బూజు పిండిని చక్కెరగానూ, ఈస్టు ఆ చక్కెరను మద్యంగానూ ఒకే కుండలో మారుస్తాయి. చల్లార్చిన అన్నంలో బిళ్లల పొడి కలిపి ఉంచితే సుమారు వారానికి పానీయం సిద్ధమవుతుంది. తీపితోపాటు కొద్దిగా పులుపు ఉంటుంది. జాగ్రత్త చేస్తే ఏళ్ల తరబడి నిల్వ ఉంటుందని ప్రసిద్ధి.

చిక్కు అమ్మకం దగ్గరే ఉంది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం పేరుకు మాత్రమే రక్షణ ఇస్తుంది. అమ్ముకొనేందుకు లైసెన్సు ఇవ్వదు. మద్యం రాష్ట్రాల అధికార పరిధిలోని అంశం కనుక ఇంటి అవసరానికి కాచుకోవడం వేరు, సీసాల్లో నింపి బజారుకు పంపడం వేరు. రెండవదానికి ఎక్సైజు నిబంధనలు వర్తిస్తాయి. పైగా ఆ పేరును హక్కుగా వాడుకొనేందుకు ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. ఈ కాగితాల పని కంపెనీలకు తేలిక. కొండ పల్లెలో కుండ దించే గృహిణికి కాదు.

ఆమె కొలత కూడా చేతి కొలతే. ఇంటింటికీ రుచి మారుతుంది. సీసాలో కొనేవారు మాత్రం ప్రతిసారీ ఒకే రుచిని ఆశిస్తారు. గిరాకీ పెరిగితే అడవిలోని తెంబ్రా బెరడుపైనా ఒత్తిడి తప్పదు.

కాగా, 2024లో అస్సాంలోనే బోడో తెగ పులియబెట్టే మూడు రకాల బియ్యపు మద్యాలకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని ఇంటి గడప దాటించాలన్నా ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి.