పాత కారు మిస్సింగ్ కొడుతోందా? బోరింగ్‌కు ఒప్పుకునే ముందు ప్లగ్గు విప్పించండి

హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో మనవాళ్ల ఇళ్ల ముందు ఇప్పటికీ పాత మారుతి 800 కనిపిస్తుంటుంది. నాన్న కొన్న కారు, అమ్మడానికి మనసొప్పదు. 15 ఏళ్లు దాటాక ఆర్‌సీ రెన్యూవల్ చేయించాలి, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకూ మళ్లీ అదే పని. సరిగ్గా ఆ సమయానికే బండి వణకడం మొదలుపెడుతుంది. ఐడ్లింగులో గడగడ, ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపు, సైలెన్సర్‌లో టప్ టప్. కాలని పెట్రోలు పొగతో పాటు బయటికి పోతుంది కాబట్టి పొల్యూషన్ పరీక్షలోనూ కారు తప్పుతుంది.

మా కారుకు ఇలాగే అయితే ఒక షెడ్డులో ఇంజిన్ దించి బోరింగ్ చేయాలన్నారు. ఇంకో మేస్త్రి డెల్కో మూత విప్పి లోపల వెంట్రుకంత పగులు చూపించాడు. మూత మార్చాం, మిస్సింగ్ పోయింది. బోరింగ్ అవసరమయ్యే బళ్లు లేవని కాదు. కానీ ఆ మాట చివర రావాలి, మొదట కాదు.

మారుతి 800 ఇంజిన్‌లో సిలిండర్లు మూడే. అందులో ఒకటి పనిచేయకపోతే మూడో వంతు బలం పోయినట్టే, అందుకే అంత కుదుపు. ముందు చెవి పెట్టి వినండి. కుదుపు తాళం వేసినట్టు ఒకే లయలో వస్తుంటే సాధారణంగా ఒక సిలిండర్‌లోనే తేడా ఉంటుంది. ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే పెట్రోలు, గాలి కలిసే చోట గానీ, అన్ని సిలిండర్లకూ కరెంటు పంచే డెల్కోలో గానీ వెతకాలి.

ఏ సిలిండరో పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. ఇంజిన్ ఆపి, ఒక ప్లగ్ వైరు ఊడదీయండి. దాని చివర వేరే ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప భాగం ఇంజిన్‌కు గట్టిగా ఆనేలా కట్టి, అప్పుడు స్టార్ట్ చేయండి. వణుకు ఇంకా పెరిగితే ఆ సిలిండర్ బాగానే పనిచేస్తోందని అర్థం. ఏ వైరు తీసినా తేడా కనపడలేదో అదే దొంగ. ఇంజిన్ నడుస్తుండగా వట్టి చేత్తో వైరు లాగవద్దు, ఆ కరెంటు వేల వోల్టులు. ఎంపీఎఫ్ఐ బండిలో ఇలా ఎక్కువసేపు నడిపితే సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. ఆ పరీక్ష మేస్త్రికే వదిలేయండి.

దొంగ దొరికాక ప్లగ్గు విప్పండి. లేత గోధుమరంగులో ఉంటే మంచిదే. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది: చోక్ ఇరుక్కుందేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. బళ్ళారి దుమ్ములో ఫిల్టర్ సంగతి చెప్పనక్కర్లేదు. పెట్రోలుతో తడిసి ఉంటే నిప్పురవ్వ రావడం లేదు. నూనె జిడ్డు ఉంటేనే రింగుల మీదా వాల్వు గైడ్ల మీదా అనుమానపడాలి.

తర్వాత ఆ ప్లగ్గును పక్క సిలిండర్‌లో వేసి, అక్కడిది ఇక్కడ వేయండి. జబ్బు ప్లగ్గుతో పాటు వెళ్లిందంటే తప్పు ప్లగ్గుదే. వెళ్లకపోతే వైర్లను కూడా అలాగే మార్చి చూడండి, కాకపోతే డెల్కోలో ఏ గూటి నుంచి ఏ సిలిండర్‌కు కరెంటు వెళ్లేదో అది మారకూడదు. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే కరెంటు కారుతున్న వైరు మీద నీలి మెరుపులు కనపడతాయి. యానాం, బరంపురం లాంటి తేమ ఊళ్లలో పొద్దున్న మిస్సింగ్ కొట్టి, వేడెక్కాక మానుకునే బండికి తరచుగా రోగం డెల్కో మూతలోనే. మూత తీసి పొడిబట్టతో తుడిచి, పగులు గానీ నల్లటి గీత గానీ ఉందేమో చూడండి.

నెలల తరబడి కదలని కారైతే కార్బురేటర్‌ను అనుమానించాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికి తట్టుకోవు. అవి పగిలి గాలి పీలిస్తే ఐడ్లింగ్ నిలవదు, వేగం అందుకుంటే సర్దుకుంటుంది.

ఇవన్నీ చూశాకే కంప్రెషన్ పరీక్ష. ఒక్క సిలిండర్‌లో తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, బోరింగ్ మాట అప్పుడు న్యాయమే. పెరగకపోతే వాల్వుల దగ్గర వెతకాలి. ట్యాపెట్ మరీ బిగుతుగా ఉండి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా ఇలాగే జరుగుతుంది, అది కాసేపటి పని. పక్కపక్క సిలిండర్లు రెండింటిలోనూ తక్కువ వచ్చి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్. మూడు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకుని తెచ్చుకోండి, వేరే షెడ్డులో అడగడానికి అవే పనికొస్తాయి.