తెరమీద బ్యారేజీ అంకె: విడ్జెట్‌లో వేరియబుల్ మారే తీరు

కంప్యూటర్ తెరమీద గడియారం, వాతావరణం, ప్రాసెసర్ వేడి వంటివాటిని ఎప్పుడూ కంటికెదురుగా ఉంచే చిన్న పలకలే డెస్క్‌టాప్ విడ్జెట్లు. విండోస్‌లో వీటిని ఎవరికి కావలసినట్టు వారు తయారు చేసుకోవడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ప్రసిద్ధమైనది రెయిన్‌మీటర్. దీన్ని 2001లో కిమ్మో పెక్కొలా మొదలుపెట్టారు. ఇందులో ఒక్కో విడ్జెట్‌ను స్కిన్ అంటారు. స్కిన్ అంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దుకోగల మామూలు ఐఎన్‌ఐ ఫైలే.

ఆ ఫైల్‌లో ముఖ్యంగా మూడు రకాల విభాగాలుంటాయి. సమాచారాన్ని తెచ్చేది మెజర్. దాన్ని అక్షరాలుగానో బొమ్మగానో తెరమీద చూపేది మీటర్. రంగు, కొలత, హద్దు వంటి విలువలకు పేర్లు పెట్టి ఒకచోట దాచేది వేరియబుల్స్ విభాగం. వేరియబుల్ పేరును రెండు హ్యాష్ గుర్తుల నడుమ రాస్తే, దాని విలువ అక్కడికి వచ్చి చేరుతుంది.

ఏలూరు రోడ్డుకూ బందరు రోడ్డుకూ నడుమ ఉన్న విజయవాడ గవర్నర్‌పేటలో ఒక దుకాణం కంప్యూటర్‌పై ప్రకాశం బ్యారేజీ నుంచి వదులుతున్న నీటి లెక్క చూపే విడ్జెట్ పెట్టాలనుకుందాం. ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది ఇస్తారు. 2024 సెప్టెంబరు 2న అది 11.43 లక్షలకు చేరింది. అంత వేగంగా మారే అంకెను చూపాలంటే విడ్జెట్‌లోని విలువలు కూడా ఆగకుండా మారాలి.

కొత్తగా స్కిన్ రాసేవారు తడబడేది ఇక్కడే. రెయిన్‌మీటర్ స్కిన్‌ను తెరిచేటప్పుడు వేరియబుళ్లను ఒక్కసారే చదివి, ఆ విలువలను వాటి స్థానాల్లో నింపేస్తుంది. ఆ తర్వాత వేరియబుల్ మారినా మీటర్ పాత విలువనే పట్టుకుని ఉంటుంది. ప్రతి అప్‌డేట్‌లోనూ మళ్లీ చదవాలంటే ఆ మెజర్‌లో లేదా మీటర్‌లో ‘డైనమిక్‌వేరియబుల్స్=1’ అనే వరుస చేర్చాలి. ఇది ఏ విభాగంలో రాస్తే దానికే వర్తిస్తుంది. అన్నిచోట్లా పెడితే ప్రాసెసర్‌పై పని పెరుగుతుంది కాబట్టి మారే విలువను వాడే విభాగాల్లో మాత్రమే పెట్టాలి.

రెయిన్‌మీటర్‌కు ఇచ్చే ఆదేశాలను బ్యాంగ్‌లు అంటారు. విలువలను మార్చేదీ వీటితోనే. ‘సెట్‌వేరియబుల్’ బ్యాంగ్ విలువను మెమరీలో మాత్రమే మారుస్తుంది. స్కిన్‌ను రిఫ్రెష్ చేస్తే పాత విలువే తిరిగి వస్తుంది. ‘రైట్‌కీవాల్యూ’ బ్యాంగ్ ఫైల్‌లోనే రాస్తుంది, అయితే రిఫ్రెష్ అయ్యేదాకా దాని ఫలితం కనబడదు. నిమిషనిమిషానికీ మారే ప్రవాహానికి మొదటిది చాలు. దుకాణదారు ఎంచుకున్న అక్షరాల సైజు, రంగు మర్నాటికీ నిలవాలంటే రెండోది కావాలి. మార్పు వెంటనే కనబడి, నిలిచి కూడా ఉండాలంటే రెండింటినీ కలిపి వాడతారు.

మార్పు తెరమీదికి ఎప్పుడు వస్తుందన్నది మరో సంగతి. సాధారణంగా స్కిన్ 1,000 మిల్లీసెకన్లకు, అంటే సెకనుకు ఒకసారి అప్‌డేట్ అవుతుంది. అప్పటిదాకా ఆగకూడదనుకుంటే ‘అప్‌డేట్‌మీటర్’, ‘రీడ్రా’ బ్యాంగ్‌లను వరుసగా ఇవ్వాలి. వెబ్ పేజీ నుంచి అంకెను తెచ్చే వెబ్‌పార్సర్ మెజర్ మాత్రం సెకనుకోసారి పేజీని తెరవదు. దాని అప్‌డేట్‌రేట్‌ను మార్చకపోతే 600 అప్‌డేట్లకు, అంటే పది నిమిషాలకు ఒకసారి తెరుస్తుంది. అవతలి సర్వర్‌పై భారం పడకుండా ఉండాలంటే ఈ విరామం అవసరం.

తెచ్చిన అంకెతో లెక్క చేయాలంటే ముందు దాన్ని శుభ్రం చేయాలి. పేజీలో 11,43,000 అని ఉంటే ఆ కామాలతో లెక్క కుదరదు. సబ్‌స్టిట్యూట్ ఆప్షన్‌తో కామాలను తీసేసి, ఆ మెజర్ పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి, లెక్కలు చేసే కాల్క్ మెజర్ ఫార్ములాకు ఇవ్వాలి. బ్రాకెట్లలో రాసిన విలువ కూడా మారుతూ ఉండేదే కాబట్టి ఆ కాల్క్ మెజర్‌లోనూ డైనమిక్‌వేరియబుల్స్ వరుస తప్పనిసరి.

అంకె సిద్ధమయ్యాక ఇఫ్‌కండిషన్‌తో దాన్ని 3,97,000తో పోల్చవచ్చు. హద్దు చేరితే ఇఫ్‌ట్రూయాక్షన్ రంగు వేరియబుల్‌ను పసుపుకు మారుస్తుంది. 5,69,000కు మరో షరతు పెట్టి ఎరుపుకు మార్చుకోవచ్చు. మామూలు అమరికలో షరతు నిజమైనప్పుడు ఈ చర్య ఒక్కసారే జరుగుతుంది, షరతు తప్పి మళ్లీ నిజమైతేనే తిరిగి జరుగుతుంది. అందుకే నీరు తగ్గినప్పుడు రంగును వెనక్కి తెచ్చే ఇఫ్‌ఫాల్స్‌యాక్షన్‌నూ మరవకుండా రాయాలి. హద్దులను కూడా వేరియబుల్స్ విభాగంలోనే ఉంచితే, వాటిని మార్చవలసి వచ్చినప్పుడు ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.

ఆదేశాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉన్నా, తెరమీద కనిపించే మాటలు తెలుగులో ఉండవచ్చు. అందుకు ఫైల్‌ను యూటీఎఫ్-16 ఎల్‌ఈ ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసి, నిర్మలా యూఐ, గౌతమి వంటి తెలుగు అక్షరాలున్న ఫాంటును ఎంచుకోవాలి. లేకపోతే ‘ప్రవాహం’ అన్న మాట గజిబిజి గుర్తులుగా మారిపోతుంది.

చివరగా చేర్చవలసింది సమయం. ఇంటర్‌నెట్ ఆగిపోయినా, పేజీ రూపం మారిపోయినా కొత్త అంకె రాదు, చూసేవారికి మాత్రం ఆ సంగతి తెలియదు. వరద రోజున పాత అంకెను కొత్తదని నమ్మడం ప్రమాదం. అందుకని వెబ్‌పార్సర్ పని ముగిశాక నడిచే ఫినిష్‌యాక్షన్‌లో ఆ క్షణపు సమయాన్ని ఒక వేరియబుల్‌లో దాచి, అంకె కిందే చూపాలి. కనెక్షన్ కుదరనప్పుడూ, పేజీలో అంకె దొరకనప్పుడూ నడిచే చర్యలు రెయిన్‌మీటర్‌లో విడిగా ఉన్నాయి. వాటితో ‘సమాచారం అందలేదు’ అని చూపించవచ్చు. అప్పుడే ఆ అంకె ఎప్పటిదో, దాన్ని ఎంతవరకు నమ్మాలో చూసినవారు తేల్చుకోగలుగుతారు.