గద్ద కాళ్లలో ఏముందో లెన్సు చెబుతుంది

గద్ద కనిపిస్తే చాలు, పల్లెల్లో కోడిపిల్లల్ని గంప కింద కమ్మేస్తారు. పిల్లలు రాళ్లు అందుకుంటారు. ఈ భయం ఉత్తిదేం కాదు. ఊరిమీద తిరిగే నల్లగద్ద అదను దొరికితే పిల్లను తన్నుకుపోతుంది. అయితే చేలమీద ఎగిరే గద్దలన్నీ ఆ బాపతు కావు. ఏది ఏం పట్టుకుపోతుందో అంత ఎత్తున మన కంటికి ఆనదు. పొడవాటి టెలిఫొటో లెన్సు తగిలించిన కెమెరాకు ఆనుతుంది.

నంద్యాల, కర్నూలు వైపు శనగ చేల వెంట కరెంటు తీగలను ఓసారి గమనించండి. పావురమంత పక్షి, తెల్లటి రొమ్ము, ఎర్రటి కళ్లు, రెక్క భుజాన నల్లమచ్చ. అదే అడవి రామదాసు. చేనుపైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. కింద ఎలుక కదిలిందా, రెక్కలు పైకెత్తి, కాళ్లు చాచి దిగిపోతుంది. చిట్టెలుకలే దీనికి ముఖ్యమైన తిండి. మిడతలనూ తింటుంది. ఒకచోట నిలిచి ఎగురుతుంది కనుక ఫొటోలు నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి గద్ద లేదు.

లెన్సుతో పాటు సంచి

ఈ పనికి 400 నుంచి 600 మి.మీ. లెన్సు కావాలి. 500 మి.మీ. లెన్సు మామూలు 50 మి.మీ. లెన్సు కంటే పక్షిని పదింతలు పెద్దగా చూపిస్తుంది. చెయ్యి వణుకునూ పదింతలు చేస్తుంది. అందుకే కూర్చున్న పక్షికైనా షట్టరు సెకనులో వెయ్యో వంతు ఉండాలి. ఎగిరేదానికి రెండు వేలో వంతు. జొన్నలు నింపిన చిన్న గుడ్డసంచి కారు కిటికీ మీద వేసి, దానిపై లెన్సు ఆనిస్తే కదలదు. కారు ఆగితే కదలకుండా కూర్చునే గద్ద, మనిషి దిగితే మాత్రం లేచిపోతుంది. కాబట్టి దిగకండి.

తెల్లపక్షి వెనుక నల్లరేగడి ఉంటే రొమ్ము సున్నం కొట్టినట్టు వస్తుంది. వెలుగు ఒక మెట్టు తగ్గించాలి. వెనుక తెల్లటి ఆకాశముంటే ఒక మెట్టు పెంచాలి. పొద్దెక్కి నేల వేడెక్కాక లేచే ఆవిర్లకు ఎంత ఖరీదైన లెన్సయినా మసకగానే తీస్తుంది. తెల్లారాక మొదటి రెండు గంటలే అసలు సమయం.

గాలి ఎటు?

గద్ద గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే నిలుస్తుంది. చలికాలంలో మనకు ఎక్కువగా ఈశాన్యపు గాలి. పొద్దు కూడా తూర్పువైపే. పక్షికి తూర్పుగా ఉంటే గాలీ వెలుగూ రెండూ మన వీపువైపు ఉంటాయి. గద్ద మొహం మనవైపు ఉంటుంది. వెంటపడితే తోక ఫొటోలు తప్ప మరేమీ దక్కవు.

గూడు జోలికి వద్దు

అడవి రామదాసు తుమ్మలాంటి చెట్ల కొమ్మల్లో గూడు కట్టి మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. పొదగడానికి దాదాపు నెల పడుతుంది. ఫొటోకు అడ్డమని కొమ్మ విరిస్తే గూటికి నీడ పోతుంది, కాకుల కంట పడుతుంది. మనిషి అలికిడి మరీ ఎక్కువైతే తల్లి గూడు వదిలేస్తుంది. ఒక ఫొటో కోసం ఒక కాపు పిల్లలు పోతాయి.

చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు రాత్రిళ్లు గడ్డినేలల్లో నేలమీదే గుంపుగా పడుకుంటాయి. పొద్దుగుంకాక ఆ గడ్డిలోకి నడవకూడదు. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యంలో ఫొటోలు తీయాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

ఫొటో చూసిన రైతు

ఓ పొద్దున శనగ చేను పక్కన ఫొటోలు తీస్తుంటే ఆ చేను రైతు వచ్చి, "ఆ కోళ్ల దొంగకు ఫొటోలెందుకు సార్?" అన్నాడు. కెమెరా వెనక ఫొటో పెద్దది చేసి చూపించాను. కాళ్ల మధ్య ఎలుక, వేలాడుతున్న తోక. కాసేపు చూసి, "ఇది మన చేలోదేనా?" అన్నాడు. ఆ తర్వాత అడిగిన మాటే అసలైనది: "మొన్ననే ఎలుకల మందు పెట్టినా. దీనికేమన్నా అవుతాదా?"

అవుతుంది. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, కొన్ని రోజులకు చస్తుంది. ఈలోగా పట్టపగలు నీరసంగా తిరుగుతూ గద్దకు, గుడ్లగూబకు సులువుగా దొరుకుతుంది. విషం వాటికీ ఎక్కుతుంది. మందు పెట్టక తప్పదనుకుంటే ఎరను బయట చల్లకండి. ఎలుకలు తిరిగే కన్నాల్లోనే పెట్టి మూసేయండి. రోజూ పొద్దున్నే చేను చుట్టి, చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పాతిపెట్టండి. అక్కడక్కడా టి ఆకారంలో కర్రలు నాటితే పగలు గద్ద, రాత్రి గుడ్లగూబ వాలి కాపలా కాస్తాయి. ఈ కాపలాకు కూలి అక్కర్లేదు.

ఆ రైతు చేను చుట్టిరావడానికి అప్పుడే గట్టు దిగాడు. పైన అడవి రామదాసు ఇంకా గాలిలో నిలబడే ఉంది.